ఎదురంచు

పోయిన వారం భాగం చివర్లో అమ్మ ఒక బహుమతి కప్పు అడుగు విప్పి, అందులో దాచిన నాణేన్ని నా అరచేతిలో పెట్టింది. ఇన్నేళ్లూ మా నాన్న "అదుంది, భయం లేదు" అంటూ వచ్చిన నాణెం అది. మేం గట్టెక్కామనుకుని మీరు పత్రిక మడిచి పక్కన పెట్టేసి ఉంటారు. మీ తప్పేం లేదు. నేనూ ఒక్క నిమిషం అలాగే అనుకున్నాను. తర్వాత అరచెయ్యి కిటికీ వైపు తిప్పాను. నాణెం కొత్త స్టీలు గ్లాసులా తళతళ మెరిసింది. నా గుండెలో రాయి పడింది.

మెరిస్తే ఏడుపెందుకని అడుగుతారు. చెప్తాను. మొదటి నుంచీ చదవని వాళ్ల కోసం వెనక కథ కూడా రెండు ముక్కల్లో చెప్పేస్తాను.

మా నాన్న టంకశాలలో ప్రెస్సు నడిపేవాడు. అక్కడివాళ్లు ఆయన్ని చెవిమాస్టారు అని పిలిచేవాళ్లు. అచ్చు కింద బిళ్ళ సరిగ్గా కూర్చోకపోతే, దెబ్బ చప్పుడు విని చెప్పేసేవాడట. ఒక ఏడాది, అంచు కొరికినట్టున్న నాణేలు కొన్ని బజార్లోకి వచ్చాయి. అలాంటి తప్పు నాణేలంటే సేకరించేవాళ్లు పడి చస్తారు. బిళ్ళలు కోసే రేకు జారుతోందని నాన్న ముందునుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు కానీ వినే నాథుడు లేడు. మెషీన్ తప్పు చేయదు, ప్రెస్సు మనిషే మంచి నాణేలు ఇంటికి పట్టుకెళ్లి కోసి అమ్ముకున్నాడని పైవాళ్లు తేల్చేశారు. ఇల్లు సోదా చేస్తే సొరుగులో ఆకురాయీ, దాంతో అంచు అరగదీసిన నాణెం ఒకటీ దొరికాయి. ఉద్యోగం పోయింది. దొంగ అన్న మాట మాత్రం పోకుండా, వచ్చి తిష్ట వేసిన చుట్టంలా మా ఇంట్లోనే ఉండిపోయింది.

ఇప్పుడు నాన్న పక్షవాతంతో పక్కగదిలో పడుకుని ఉన్నాడు. మాట లేదు, కుడి చెయ్యి లేదు. డాక్టరు మా మొహాలు చూడకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు. నాన్నతో పనిచేసి రిటైరైన ఫోర్‌మన్ బాబాయ్ ఎక్కని మెట్టూ దిగని మెట్టూ లేకుండా తిరిగి, ఆ పాత కేసు మళ్లీ తెరిపించాడు. రేపు పొద్దున కమిటీ ముందు నాణెం పెట్టాలి. కేసు నడుస్తున్న రోజుల్లో బస్సులో చిల్లరగా వచ్చిందని నాన్న దాచుకున్న నాణెం. అప్పటి ఎంక్వైరీలో ఇస్తే మాయం చేస్తారని భయపడి బయటపెట్టలేదు. అది మెషీన్లోనే అలా పుట్టిందని వాళ్ల నిపుణుడు ఒప్పుకుంటే నాన్న మీద మచ్చ పోతుంది. ఆయన వింటుండగా పోతుంది. మాకు కావలసింది అంతే.

ఇక నా సంగతి. నేను నాణేల షాపులో పరీక్షలు చేస్తాను. ఫలానా లోపం పుట్టుకతో వచ్చిందా, తర్వాత ఎవరైనా చేసిందా అని తేల్చడమే నా పని. రోజూ ఎవరో ఒకరు రైలు పట్టాల మీద పెట్టి చదును చేసిన బిళ్ళనో, సుత్తితో మోదిన బిళ్ళనో పట్టుకొచ్చి, ఇది అపురూపమైన తప్పు నాణెమండీ అంటారు. వాళ్ల ఆశ మీద నీళ్లు చల్లి పంపుతాను. షాపులో నన్ను నీళ్లచెంబు అంటారు. ఆ చెంబు ఒకరోజు నా ఇంట్లోనే ఒలుకుతుందని ఎవరనుకున్నారు.

"ఇదేంటమ్మా, ఇలా మెరుస్తోంది?" అన్నాను.

అమ్మ పాలగిన్నె దించుతోంది. "మెరవక? నా చేతిలో పడ్డది ఏదైనా మెరవకుండా ఉంటుందా?"

అది నిజమే. పోటీల్లో ఇచ్చే కప్పులూ షీల్డులూ చేసే షాపులో అమ్మది పాలిష్ పని. చక్రం తిరుగుతుంటే గుడ్డకి ఎర్రపొడి పట్టించి, ఎలాంటి గీతనైనా మాయం చేస్తుంది. ఎన్ని సబ్బులు అరగదీసినా ఆ ఎరుపు ఆవిడ గోళ్ల సందుల్లోంచి పోదు. నాణెం దాచిన కప్పు కూడా అక్కడిదే. ఒక చెవి వంకరగా అతికిందని షాపువాళ్లు పారేస్తే ఇంటికి తెచ్చుకుంది. అవసరం వచ్చేదాకా నాణెం బయటికి తీయొద్దని నాన్న మాట తీసుకున్నాడు కాబట్టి నేను కూడా అదే మొదటిసారి చూడటం.

బల్ల మీద తెల్ల కాగితం పరిచి, భూతద్దం కంటికి పెట్టుకుని కూర్చున్నాను. సాయంత్రం వెలుతురు ఇంకా బాగానే ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. షాపులో కూడా అందరూ నాణేన్ని వదిలేసి నా మొహమే చూస్తారు.

ముందు కొరుకుడు చూశాను. నెలవంకలా తెగిన చోటు. మెషీన్లో పుట్టిన కొరుకుడైతే దాని లోపలి గోడ ఒక తీరుగా ఉంటుంది, ఆకురాయితో అరగదీసిందైతే సన్నని గీతలు కనబడతాయి. ఇక్కడ ఏ తీరూ లేదు, ఏ గీతా లేదు. ఏటి రాయిలా నున్నగా ఉంది.

అయినా వదల్లేదు, కొరుకుడు పక్కనున్న అక్షరాల మీదికి అద్దం జరిపాను. చేత్తో కోసిన నాణెమైతే అక్షరం కత్తిరించినట్టు పుటుక్కున ఆగిపోతుంది. బిళ్ళ ముందే తెగి ఉండి, ఆ తర్వాత అచ్చు దెబ్బ పడిందనుకోండి, లోహం ఖాళీ వైపు ఒరుగుతుంది. దాంతో పాటు అక్షరం కాళ్లు కూడా అటే సాగుతాయి. నేను చూస్తున్న అక్షరం పైభాగం అరిగిపోయింది. కానీ దాని మొదట్లో, ఏ గుడ్డా ఏ చక్రమూ దూరలేని మూలలో, అక్షరం పాదం కొరుకుడు వైపు సాగి ఉంది.

మళ్లీ చూశాను. కళ్లు తుడుచుకుని ఇంకోసారి చూశాను. సాగి ఉంది.

"అమ్మా, ఇది మెషీన్లో తెగిందే" అన్నాను. "నాన్న చెప్పిందే నిజం. ఎవరూ కొయ్యలేదు."

అమ్మ ఏడుస్తుందనుకున్నాను, కనీసం దేవుడా అనైనా అంటుందనుకున్నాను. ఆవిడ నా వైపు అలాగే చూస్తూ ఉండిపోయింది. దొంగకు తేలు కుట్టినట్టు అంటారే, అలా ఉంది మొహం. నాకప్పుడు అర్థం కాలేదు. సంతోషంలో ఉన్నాను కదా, నాణేన్ని గిర్రున తిప్పి ఎదురంచు చూశాను.

ఈ ఎదురంచు సంగతి మీకు కాస్త వివరంగా చెప్పాలి, ఇవాళ్టి కథంతా అక్కడే ఉంది. పిండి పల్చగా వత్తి గ్లాసుతో బిళ్ళలు కోస్తామనుకోండి. పిండి సరిగ్గా జరపకపోతే గ్లాసు పాత కంత మీద పడి, బిళ్ళ ఒకపక్క కొరికినట్టు వస్తుంది. టంకశాలలో రేకు జారినా అంతే. ఆ కొరుకుడు బిళ్ళ తర్వాత రెండు ఇనప దవడల మధ్య దొర్లుతుంది. అవి ఇటూ అటూ నొక్కితేనే బిళ్ళ చుట్టూ గట్టులాంటి అంచు లేస్తుంది. కొరుకుడు ఉన్న వైపు దవడకి ఏమీ అందదు. ఒక వైపు పట్టు లేకపోతే రెండో వైపు నొక్కుడు ఎక్కడిది? అందుకని కొరుకుడికి సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు కూడా నీరసంగా, లేచీ లేవనట్టు ఉండిపోతుంది. నాణెం తయారయ్యాక ఎవడైనా ఒకపక్క కోస్తే, ఎదురంచుకి ఆ సంగతే తెలియదు. అది నిక్షేపంలా ఉంటుంది. నిపుణుడనేవాడు ఎవడైనా చివరికి నమ్మేది దాన్నే.

మా నాణేనికి ఎదురంచు నీరసంగానే ఉంది. కానీ నున్నగా కూడా ఉంది. అక్కడా ఎవరో రుద్దారు.

భూతద్దం మెడలోకి వదిలేశాను.

"అమ్మా, దీన్ని చక్రం మీద పెట్టావా?"

"పెట్టాను."

"ఎప్పుడు?"

"ఎప్పుడో. ఎంక్వైరీ అయిన మర్నాడు." అమ్మ కొంగుతో బల్ల తుడిచింది. బల్ల మీద ఏమీ లేదు. "మళ్లీ సోదాకి వస్తారేమో, ఇది కూడా దొరుకుతుందేమో అనుకున్నాను. పనికి పట్టుకెళ్లి, అందరూ భోజనానికి లేచినప్పుడు రుద్దాను."

"దొరికితే ఏం? ఇది బస్సులో వచ్చిన నాణెం కదా. నాన్న చెప్పాడు కదా."

అమ్మ బల్లని మళ్లీ తుడిచింది.

"అమ్మా, నాన్న చెప్పాడా లేదా?"

"చెప్పాడు. ఆయన చాలా చెప్పాడు." అమ్మ గొంతు తగ్గించింది, పక్కగదికి వినబడకుండా. "నువ్వప్పుడు చిన్నదానివి, నీకు తెలీదు. ఆ కిటికీ దగ్గరే కూర్చుని మీ నాన్న ఆకురాయితో నాణెం అరగదీస్తుంటే నేను నా కళ్లతో చూశానే. పప్పు గరిటె చేతిలో పట్టుకుని ఇక్కడే నిలబడి చూశాను. ఏంటండీ అది అని అడగలేదు. అడిగితే అవునంటాడేమోనని భయం."

"అది తేడా చూపించడానికి చేశాడు. కోసిన నాణెం ఎదురంచు ఎలా ఉంటుందో, కొరుకుడు బిళ్ళది ఎలా ఉంటుందో పక్కపక్కన పెట్టి చూపిద్దామని. ఎంక్వైరీలో అదే చెప్పాడు కదమ్మా."

"చెప్పాడు. విన్నవాళ్లంతా ఏం చేశారో తెలుసా? నవ్వారు. మారుతాళం చెవి చేసి, మీ తాళం ఎంత గట్టిదో చూద్దామనుకున్నానని దొంగ చెప్పినట్టుందయ్యా అన్నాడొకాయన. బయట వరండాలో కూర్చున్నాను, నాకు వినబడింది."

"నువ్వూ నవ్వావా?"

ఈ మాట అనకుండా ఉండాల్సింది. నోరు జారితే తీసుకోలేం అంటారు గానీ, నిజానికి జారలేదు, కావాలనే అన్నాను. ఒళ్లు మండిపోతోంది నాకు.

అమ్మ నా వైపు చూడలేదు. "నవ్వలేదు. ఇంటికొచ్చి అన్నం వండాను. నమ్మానా లేదా అని నువ్విప్పుడు తీరిగ్గా అడుగుతున్నావు. నాకప్పుడు నమ్మడానికి కూడా తీరిక లేదే. దొంగైనా దొరైనా నా మొగుడే అనుకున్నాను. ఉన్న ఆ ఒక్కటీ మళ్లీ ఎవరి కంటా పడకూడదు, పడినా దాని మీద ఆకురాయి గీతలు కనబడకూడదు. అంతే ఆలోచించాను."

"గీతలు ఉన్నాయా దాని మీద?"

"ఉంటాయనుకున్నాను."

"చూశావా?"

"ఏడుస్తూ రుద్దుతున్నాను. ఏం కనబడుతుంది?"

పక్కింట్లో ఎవరో బకెట్టులోకి కుళాయి విప్పారు. నేను నాణేన్ని అమ్మ వైపు జరిపాను.

"మరి ఎదురుగా ఎందుకు రుద్దావు? ఇక్కడ, ఈ అంచు?"

"ఒకపక్కే నున్నగా ఉంటే చూసినవాడికి అనుమానం రాదూ? కప్పుకైనా అంతే. ఒక చెవి రుద్ది రెండో చెవి వదిలేస్తే ఇట్టే తెలిసిపోతుంది. అందుకని ఎదురుగా కూడా సమానం చేశాను." చెప్తూ చెప్తూ అమ్మ ఆగింది. "ఏం, అది తప్పా?"

ఏం చెప్పను? పని తెలిసిన మనిషి చేసిన పని అది. తెలియనివాళ్లయితే కొరుకుడు ఒక్కటీ గీకి వదిలేసేవాళ్లు, ఎదురంచు మిగిలేది. అమ్మ చెయ్యి నేర్పరి చెయ్యి కాబట్టి సరిగ్గా అక్కడికే వెళ్లింది. నాణెం మొత్తంలో నాన్న తరఫున నోరు విప్పి మాట్లాడే చోటు అదొక్కటే. అదే పోయింది. ఇప్పుడా అంచు నీరసంగా ఉందంటే, రుద్దితే నీరసపడక ఏమవుతుంది అంటాడు నిపుణుడు. అనకపోతే వాడికి పని రాదని అర్థం.

అదంతా చెప్పాను. మెల్లగా, కాగితం మీద గీసి మరీ చెప్పాను. అమ్మ మొత్తం వింది.

"అంటే ఆయన చెయ్యలేదా?" అంది చివరికి.

"చెయ్యలేదు."

"నిజంగా?"

"నిజంగా, అమ్మా."

అమ్మ లేచి పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఎప్పుడో ఆర్పేసిన స్టవ్‌ని మళ్లీ ఆర్పింది. గిన్నె మీద మూత తీసింది, పెట్టింది. ఇంతకాలం ఆయనకి అన్నం పెట్టింది, ఒళ్లు తుడిచింది, ఎవరైనా ఒక్క మాటంటే మీద పడి రక్కింది. దొంగ అనుకుంటూనే అదంతా చేసింది. ఆవిడ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. వచ్చిన కోపం నిలవలేదు.

"నీకు కనబడింది కదా, ఆ అక్షరం పాదం. అది వాళ్లకి మాత్రం కనబడదా?" అంది గోడవైపు తిరిగే.

"కనబడుతుంది. కానీ రుద్దిన నాణెం మీద ఎవరూ మాట ఇవ్వరమ్మా. తర్వాత చెయ్యి పడ్డ నాణెం గురించి ఏమీ చెప్పలేం అని రాసి కవర్లో పెట్టి వెనక్కి పంపిస్తారు. నేనూ అదే చేస్తాను. ఎంతమందికి అలా రాసిచ్చానో నాకే లెక్క లేదు. ఒకావిడ కౌంటర్ దగ్గర నిలబడి ఏడ్చింది కూడా. నెక్స్ట్ అన్నాను."

"నువ్వు రాసివ్వరాదూ?"

"కూతురు రాస్తే ఎవరు చూస్తారు?"

"పోనీ నేనొస్తాను. నేనే రుద్దానని చెప్తాను. ఆయనకి తెలీదని చెప్తాను."

"ఎందుకు రుద్దావమ్మా అంటారు. ఏం చెప్తావ్?"

చెప్పడానికి ఒక్కటే జవాబు ఉంది. మా ఆయనే కోశాడనుకుని గీతలు చెరిపేశానండి అనాలి. కట్టుకున్న పెళ్లామే దొంగ అనుకుందంటే, ఇక కమిటీకి వేరే సాక్ష్యం ఎందుకు? ముందు నుయ్యి, వెనక గొయ్యి అనడానికి కూడా లేదు. నుయ్యిలోనే ఉన్నాం.

అప్పుడు పక్కగదిలోంచి టింగుటింగుమని చప్పుడు వినబడింది. నాన్న ఎడమ చేత్తో చెంచా పట్టుకుని గ్లాసు మీద కొడితే మమ్మల్ని పిలిచినట్టు.

"చెప్పకే" అంది అమ్మ. అంత బతిమాలే గొంతు ఆవిడలో ఉందని నాకు తెలీదు. "రేపు బాగా జరిగిందని చెప్దాం. ఆయనకి ఎవరు చెప్తారు వేరే? ఉన్నన్నాళ్లు సంతోషంగా ఉంటాడు. నీ కాళ్లు పట్టుకుంటాను."

"ఊరుకో అమ్మా" అన్నాను. నాకూ అంతకంటే మంచి ఉపాయం తోచలేదు. కన్నవాళ్లిద్దరిలో ఒకరికి అబద్ధం చెప్పి ఇంకొకర్ని కాపాడాలి. ఇద్దర్నీ కాపాడే దారి ఆ చక్రం కిందే నలిగిపోయింది.

ఇద్దరం లోపలికి వెళ్లాం. నాన్న దిండుకి ఆనుకుని ఉన్నాడు. గడ్డం గీసుకుని ఉన్నాడు, అంటే పొద్దున అమ్మ గీసింది. రేపటి కోసం ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీ మీద వేలాడుతోంది. ఆయన వెళ్లలేడని తెలిసినా ఇస్త్రీ చేయించుకున్నాడు. మమ్మల్ని చూసి చెంచా వదిలేసి, ఎడమ అరచెయ్యి చాపాడు.

ఏం కావాలో అడగక్కర్లేదు. ఇన్నేళ్ల తర్వాత బయటికి తీసిన నాణేన్ని ఒక్కసారి పట్టుకోవాలని ఆయనకి మాత్రం ఉండదా?

"కవర్లో పెట్టేశాను నాన్నా" అన్నాను. "చేతులు తగిలితే మరకలు పడతాయి. నువ్వే చెప్పేవాడివి కదా."

ఆయన చెయ్యి దించలేదు. మూతి ఒకవైపు కదిలింది. నవ్వాడన్నమాట. తన కూతురు కూడా నాణేన్ని జాగ్రత్తగా పట్టుకోవాలని తనకే చెప్తోందని ముచ్చటపడ్డాడు. అది చూసి, నాణెం ఉన్న పిడికిలిని ఇంకా గట్టిగా బిగించాను.

నా పిడికిలి అమ్మే విప్పింది. ఎందుకు విప్పిందో ఆ రోజు నాకు తెలియలేదు, ఇవాళ్టికీ పూర్తిగా తెలియదు. నాణెం తీసుకుని, మంచం పక్కన కూర్చుని, తనే ఆయన అరచేతిలో పెట్టింది. పెట్టి చేతులు ఒళ్లో పెట్టుకుంది.

నాన్న కళ్లు మూసుకున్నాడు. చూపు మందగించి చాలా రోజులైంది, ఆయనకిప్పుడు వేళ్లే కళ్లు. బొటనవేలు కొరుకుడు మీదికి వెళ్లింది. అక్కడ కాసేపు తడిమింది. ఆయన కనుబొమలు దగ్గరికి వచ్చాయి. తర్వాత వేలు మెల్లగా అంచు వెంబడి నడిచి ఎదురుగా చేరింది. ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ వచ్చింది. మళ్లీ అక్కడే ఆగింది.

బయట స్కూటర్ చప్పుడు. ఫోర్‌మన్ బాబాయ్ గేటు తీస్తూనే కేకేశాడు. "వదినా, కవర్ రెడీయా? ఇవాళే సీలు వేసి ఇచ్చేయాలట. అమ్మాయ్, నాణెం ఇస్తున్నట్టు ఒక్క సంతకం పెట్టు చాలు, రేపటికి మనవాడు దొరబాబే."

నేను గుమ్మం వైపు ఒక అడుగు వేసి ఆగాను.

నాన్న కళ్లు తెరిచాడు. నా వైపు చూడలేదు. నా మెడలో వేలాడుతున్న భూతద్దం వైపూ చూడలేదు. అమ్మ ఒళ్లో ఉన్న చేతుల వైపు చూశాడు. ఎన్ని సబ్బులు అరగదీసినా పోని ఎరుపు ఉన్న గోళ్ల వైపు చూశాడు. అమ్మ వాటిని కొంగులో దాచుకోబోయి, మానుకుని, అలాగే ఉంచేసింది.

బాబాయ్ చెప్పులు విప్పి లోపలికి వస్తున్నాడు. నాన్న నాణేన్ని పిడికిట్లో బిగించాడు. నేను దగ్గరికి వెళ్లి విప్పబోయాను. ఆయన మిగిలిన బలమంతా ఆ చేతిలోకే తెచ్చుకున్నాడు. నా వల్ల కాలేదు.